ఎండాకాలం మొదట్లో కొండెక్కితే అడవి పూలు కనిపిస్తాయా?

"మార్చిలో వికారాబాద్ దగ్గరి అనంతగిరికి వెళ్తే ఎండిన చెట్లు తప్ప ఏముంటాయి, వానలు పడేదాకా ఆగాలా?" అని అడిగారు. ఆగకండి. మన అడవుల్లో పెద్ద చెట్లు చాలావాటికి అసలు పూత ఆకు రాలాకే.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ మెడ పైకెత్తుకునే తిరిగాను. గుడి దాటి బాటలో దిగితే ఎటు చూసినా మోడులే. గంట నడిచి, విసుగొచ్చి వెనక్కి మళ్ళాను. మేకలు కాస్తున్న ఒక పెద్దాయన ఆపి, "పైకేం జూస్తున్నవ్ బిడ్డా, కిందికి జూడు" అన్నాడు. నా కాలి పక్కనే అరచేయంత పసుపుపచ్చటి పువ్వు! ఐదు రేకులు, మధ్యలో కుచ్చులా కేసరాలు. "కొండగోగు" అన్నాడు. అప్పుడు తలెత్తితే కనిపించాయి, ఒక్క ఆకైనా లేని బూడిదరంగు కొమ్మల చివర్న బంగారంలాంటి గుత్తులు. అప్పటినుంచి ముందు నేల చూస్తాను, తర్వాతే చెట్టు.

రాలిన మోదుగ పువ్వునీ చేతిలోకి తీసుకుని చూడండి. తొడిమ దగ్గర నల్లటి మఖమల్‌లాంటి గిన్నె, అందులోంచి చిలకముక్కులా వంగిన రేకు. దాన్ని కింశుకం అన్నది ఊరికే కాదు, 'ఇది చిలకా ఏంటి?' అనిపించే పువ్వది. వాసన ఉండదు. తేనె కోసం పిట్టలు మాత్రం పొద్దున్నే వాలిపోతాయి.

నాకు కడుపు మండేది ఎప్పుడంటే, ఫోటో కోసం కొమ్మలు విరిచేవాళ్ళను చూసినప్పుడు. మోదుగ కాయలో ఉండేది ఒకే ఒక్క గింజ. తొలకరికి ముందే కాయ ఎండి, గాలికి ఎగిరి ఎక్కడో పడితే కొత్త మొక్క. ఒక కొమ్మ విరిస్తే ఎన్ని మొక్కలు పోయినట్టో లెక్కేసుకోండి. మోదుగాకు విస్తళ్ళలో తిని పెరిగినవాళ్ళం, ఇవాళ అదే చెట్టు మొదట్లో థర్మకోల్ ప్లేట్లు పారేసి వస్తున్నాం. ఎండుటాకుల మీద సిగరెట్ పీక విసిరేవాళ్ళకైతే ఏం చెప్పినా తక్కువే.

తెల్లారేసరికి అక్కడుండండి, ఎండెక్కితే రాలిన పూలు వాడిపోతాయి. మోదుగ ఫిబ్రవరి, మార్చిల్లో. కొండగోగు ఏప్రిల్ దాకా ఉంటుంది. రేలపూలు కావాలంటే ఏప్రిల్ చివర్లోనో మేలోనో ఇంకోసారి వెళ్ళాల్సిందే. నేను ఉగాది దాటాక వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తున్నా.