పాత హాఫ్ డాలర్లు: ముందు సంవత్సరం చూడరా

చిరంజీవి నానీకి బాబాయి ఆశీస్సులు.

గరాజ్ సేల్‌లో, అదే ఇంటి ముందు పెట్టే పాత సామాన్ల అమ్మకంలో, డబ్బాడు అమెరికా హాఫ్ డాలర్లు (అర డాలరు బిళ్ళలు) కొన్నావట. "అన్నీ కెనడీ బొమ్మవే, వెండివే కదా బాబాయ్?" అని అడిగావు. వెండి తీసేశాక కూడా కెనడీ బొమ్మ వేస్తూ వచ్చార్రా. బొమ్మ కాదు, సంవత్సరం చూడు.

1964వి, అంతకు ముందువి కనబడితే మారుమాట లేకుండా పక్కన పెట్టెయ్. నూటికి తొంభై పాళ్లు వెండి, మిగతాది రాగి. బిళ్ళ బరువు 12.5 గ్రాములు, అందులో వెండి 11.25. ఇప్పటి పది గ్రాముల తులం లెక్కన తులం పైమాటే. 1965లో చట్టం మార్చి డైముల్లో (పది సెంట్లవి), క్వార్టర్లలో (పాతిక సెంట్లవి) వెండి పూర్తిగా తీసేశారు గానీ హాఫ్ డాలర్‌లో నలభై పాళ్లు ఉంచారు. అది 1970 దాకా సాగింది. వాటిలో వెండి 4.6 గ్రాములే. 1971 నుంచి చేతికొచ్చే చిల్లరంతా రాగి, నికెలే, అర డాలరుకి అర డాలరే. కలెక్టర్ల కోసం, అంటే నాణేలు సేకరించేవాళ్ల కోసం, విడిగా వేసిన వాటిల్లో మాత్రం, ముఖ్యంగా 'ఎస్' అనే టంకశాల ముద్ర ఉన్న వాటిల్లో, కొన్ని వెండివి ఉంటాయి.

బిళ్ళలన్నీ దొంతి పెట్టి అంచులు చూడు. 1964 వాటి అంచు అంతా తెల్లగా ఉంటుంది. 1971 తర్వాతి వాటికి ఎర్రటి రాగి చార కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నలభై పాళ్లవే తికమక పెడతాయి, చార పాలిపోయి ఉంటుంది. అక్కడ కంటిని నమ్మకు, సంవత్సరం చదువు.

ఇక వెల. ఇక్కడ వెండి ధర ట్రాయ్ ఔన్సుల్లో చెప్తారు, ఔన్సు 31.1 గ్రాములు. ఆ రోజు ధరని 1964 బిళ్ళకైతే 0.36తో, నలభై పాళ్ల బిళ్ళకైతే 0.148తో గుణించు. ఔన్సు 30 డాలర్లు అనుకుంటే మొదటిది పది డాలర్ల ఎనభై సెంట్లు, రెండోది నాలుగున్నరకి కాస్త తక్కువ. అరిగిన వాటికి షాపువాడు కొంచెం తరుగు తీస్తాడు, అది మోసమేం కాదు. నలభై పాళ్ల వాటికి మాత్రం చాలామంది మరీ తగ్గించి అడుగుతారు, రెండు మూడు చోట్ల కనుక్కో.

నడుస్తున్న అమ్మవారిలా లిబర్టీ (స్వేచ్ఛాదేవి) బొమ్మ ఉన్నవి (1916 నుంచి 1947) ఇంకెప్పుడైనా దొరికితే వెండి లెక్కకి అమ్మెయ్యకు. 1921వి ఏ టంకశాలవైనా, 1938లో 'డి' ముద్ర ఉన్నవైనా వెండి ధర కన్నా బాగా ఎక్కువ పలుకుతాయి. ఆ రెండు సంవత్సరాల వాటికి ముద్ర ఉంటే గద్ద ఉన్న వైపు, కింద ఎడమ పక్కన ఉంటుంది.

మీ పిన్ని వెండి కుందులు తోమినట్టు విభూతి పెట్టి రుద్దావో, కలెక్టరు ఇచ్చే అదనపు ధర అక్కడికక్కడే పోతుంది. నల్లబడితే నల్లబడనీ. సంవత్సరాల వారీగా విడదీసి ఫోటోలు పంపు. 1970 'డి' ఉంటే ముందు అది పంపు, అది బ్యాంకులకి వెళ్లలేదు, కలెక్టర్ల సెట్లలోనే వచ్చింది.

ఇట్లు,
బాబాయి