సాఫ్ట్‌వేర్ ఉమ్మడిదే, మరి పాత టీఆర్‌ల (మార్కుల రిజిస్టర్ల) సంగతి?

ప్రశ్న: నాలుగు యూనివర్సిటీలు కలిసి విద్యార్థుల రికార్డులు, పరీక్షల పనికి ఒకే సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే ఖర్చు బాగా తగ్గుతుందంటున్నారు. నిజమేనా?
– యూనివర్సిటీ ఉద్యోగి, హనుమకొండ

జవాబు: తగ్గుతుంది, కానీ అందరూ అనుకునే చోట కాదు. ఢిల్లీ యూనివర్సిటీ తయారుచేసిన ‘సమర్థ్’ లాంటిది తీసుకుంటే కొత్తగా రాయించుకునే ఖర్చు తప్పుతుంది. పాత రికార్డులు ఎక్కించడం, సిబ్బందికి నేర్పడం, ఇబ్బంది వస్తే ఫోన్ ఎత్తే మనుషులను పెట్టుకోవడం మాత్రం తప్పవు. నలుగురు కలిస్తే పంచుకునేది ఈ చివరి ఖర్చే.

దోస్త్‌నే చూడండి. 2016 నుంచి కాకతీయ, ఉస్మానియా, శాతవాహన వంటి యూనివర్సిటీల డిగ్రీ ప్రవేశాలు ఒకే పోర్టల్‌లో జరుగుతున్నాయి. ముందు నిబంధనలు, తేదీలు ఒక్కటయ్యాయి కాబట్టే అది నడుస్తోంది. ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో అంత సులువు కాదు. గ్రేస్ మార్కులు ఎవరికి కలపాలి, రీవాల్యుయేషన్‌లో ఎంత తేడా వస్తే మార్చాలి అన్నవి ఊరికో తీరు. వీటిని కోడ్‌లో రాయించకండి, సెట్టింగ్స్ పట్టికలో పెట్టించండి. ‘మాకు మాత్రం ఇది మార్చండి’ అంటూ ఎవరికి వారు కోడ్ తెరిపిస్తే రెండేళ్లకు నాలుగు వేర్వేరు సాఫ్ట్‌వేర్లు తయారవుతాయి, కొత్త వెర్షన్ దేనికీ అతకదు.

ఒప్పందం కూడా గట్టిగా రాసుకోవాలి. అమెరికాలో యూనివర్సిటీలు డబ్బూ ప్రోగ్రామర్లనూ కలిపి నడిపిన ‘కువాలి’ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు 2014లో లాభాల కోసం నడిచే కంపెనీ బాట పట్టింది. అందుకే సోర్స్ కోడ్ ఎవరి దగ్గర ఉంటుంది, మధ్యలో బయటికొస్తే మన డేటా ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నవి మొదటి రోజే కాగితం మీదికి రావాలి.

ప్రశ్న: పాత వివరాలు ఎక్కిస్తుంటే హాల్‌టికెట్ నంబర్లు పాడవుతున్నాయి. ఎందుకు?
– డిగ్రీ కాలేజీ సూపరింటెండెంట్, కరీంనగర్

జవాబు: సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన సాదా పట్టిక) డబుల్ క్లిక్‌తో ఎక్సెల్‌లో తెరుస్తున్నట్టున్నారు. ఎక్సెల్ హాల్‌టికెట్ నంబరును అంకె అనుకుని ముందున్న సున్నా తీసేస్తుంది. నంబరులో 12 అంకెలుంటే 1.23E+11 లాగా చూపిస్తుంది, 15 దాటితే మిగిలినవి సున్నాలైపోతాయి. ఒకసారి సేవ్ చేశాక ఫార్మాట్ మార్చినా అవి తిరిగి రావు. డేటా మెనూ నుంచి ఇంపోర్ట్ చేసి, ఆ కాలమ్‌ను ముందే ‘టెక్స్ట్’ అని ఎంచుకోండి. పుట్టినతేదీల కాలమ్‌కూ అదే జాగ్రత్త. 03/04 అంటే మార్చి నాలుగో, ఏప్రిల్ మూడో యంత్రానికి తెలియదు.

పేరు విషయంలో తెలివి చూపొద్దు. ఎస్‌ఎస్‌సీ మెమోలో ఎలా ఉంటే అలాగే, ఇంటిపేరు ముందున్నా వెనకున్నా. ‘అను’ అనే పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగును యూనికోడ్‌లోకి (అన్ని కంప్యూటర్లూ చదవగలిగే అక్షర పద్ధతి) మార్చాక ఒత్తులు కంటితో చూడాల్సిందే.

అసలు పరీక్ష ఇక్కడుంది: అన్నీ పాసైన వాళ్ల రికార్డులతో సరిచూసి సంతోషపడతారు. అవి ఎలాగూ సరిగ్గానే వస్తాయి. డిటెయినై మళ్లీ చేరిన వాళ్లు, సిలబస్ మారి బదులు పేపర్ రాసిన వాళ్లు, మూడుసార్లు బ్యాక్‌లాగ్ కట్టిన వాళ్లు... ఇలాంటి ఓ వంద మందిని ఏరి, మెమోలు తీసి టీఆర్‌తో గీత గీతా పోల్చండి. రెండు సెమిస్టర్లు పాత పద్ధతినీ పక్కన నడపండి.

ప్రశ్న: పరీక్ష ఫీజు కట్టాను, డబ్బు కట్ అయింది, పోర్టల్‌లో ‘పెండింగ్’ అంటోంది. మళ్లీ కట్టాలా?
– విద్యార్థిని, ములుగు

జవాబు: వెంటనే కట్టకండమ్మా. డబ్బు వెళ్లాక ఆ కబురు మీ బ్రౌజర్ ద్వారా పోర్టల్‌కు చేరాలి. ఆ క్షణంలో సిగ్నల్ పోయినా, పేజీ మూసినా కబురు దారిలోనే ఆగుతుంది. యూపీఐలో కనిపించే 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ) నంబరు రాసిపెట్టుకుని మర్నాడు చూడండి. అప్పటికీ మారకపోతే ఆ నంబరు, స్క్రీన్‌షాట్ కాలేజీలో ఇవ్వండి. చివరి తేదీ అదే రోజైతే మాత్రం ఆగకుండా అప్పుడే ఇవ్వాలి.

ఇది పోర్టల్ నడిపే వాళ్లకు: బ్రౌజర్‌ను నమ్ముకోవద్దు. మీ సర్వరే పావుగంటకోసారి గేట్‌వేను (ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే మధ్యవర్తి) అడిగి పెండింగ్‌లు తేల్చుకోవాలి. పొద్దున్నే సెటిల్‌మెంట్ ఫైలుతో (జమ అయిన డబ్బుల జాబితా) లెక్క చూడాలి. ఒకే సెమిస్టర్‌కు రెండుసార్లు పడితే వాపసు దానంతటదే వెళ్లాలి, పిల్లలతో అర్జీలు రాయించకూడదు.

ప్రశ్న: డిజిలాకర్‌లో నా మెమో కనిపించడం లేదు.
– పాఠకుడు, జనగామ

జవాబు: యూనివర్సిటీ ఆ బ్యాచ్‌ను అప్‌లోడ్ చేసిందో లేదో ముందు కనుక్కోండి. చేసి ఉంటే, ఆధార్‌లోని పేరు, పుట్టినతేదీ వాళ్ల రికార్డుతో కలవడం లేదేమో చూడండి. ఏది తప్పో ఎస్‌ఎస్‌సీ మెమోతో చూసుకుని దాన్నే దిద్దించండి.