తెలుగు మీడియం వాళ్లకు గ్రీకు, లాటిన్ ధాతువులు పనికొస్తాయా?

పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు హనుమకొండలో డిగ్రీ. పోటీ పరీక్ష కోసం రోజుకు యాభై ఇంగ్లీషు పదాలు బట్టీ పడుతున్నారు, వారం తిరిగేసరికి నలభై మరచిపోతున్నారు. గ్రీకు, లాటిన్ ధాతువులు, అంటే పదాలకు మూలమైన ముక్కలు నేర్చుకుంటే పదాలు సులువుగా వస్తాయని మిత్రుడు చెప్పాడు. అది నిజమా, లేక నెత్తిన మరో రెండు భాషల మూట పెట్టుకోవడమా అన్నది మీ సందేహం.

నిజమే. నాకు పని చేసింది. అయితే ధాతువుల పట్టిక ముందు పెట్టుకొని కంఠతా పడితే పని చేయదు. నేను మొదట చేసింది అదే. రెండు వందల ధాతువుల పట్టిక సంపాదించి నాలుగు నెలలు వల్లె వేశాను. ‘బెనె అంటే మంచి, మాల్ అంటే చెడు’ అని గడగడా అప్పజెప్పేదాన్ని. ప్రశ్నపత్రంలో మేలు కోరే అని అర్థమున్న బెనెవొలెంట్ కనబడితే మాత్రం ఆగిపోయేదాన్ని. పదాల జాబితా పోయి ధాతువుల జాబితా వచ్చింది, బట్టీ అలాగే ఉంది.

దారి దొరికింది నా పాత తెలుగు పుస్తకంలో. నాది నర్సంపేట దగ్గర పల్లె. పది తరువాత ఇంటర్ బైపీసీ ఇంగ్లీషు మీడియంలో చేరాను. మొదటి వారంలోనే బోర్డు మీద ఫొటోసింథసిస్, ఆటోట్రోఫ్, హెటెరోట్రోఫ్, యాంఫీబియా అని వరసగా పడ్డాయి. అందులో ఒక్క సంగతి కూడా నాకు కొత్త కాదు, పేర్లే కొత్తవి. ఒక రాత్రి హాస్టల్లో పదో తరగతి జీవశాస్త్రం పుస్తకాన్నీ కొత్త పుస్తకాన్నీ పక్కపక్కన తెరిచి పెట్టుకున్నాను. కిరణజన్య సంయోగక్రియ. ఫొటో అంటే వెలుగు, సిన్ అంటే కలిపి, థెసిస్ అంటే ఉంచడం. మనవాళ్లు కిరణం, సం, యోగం అని ముక్కకు ముక్క పొదిగారు. ఆటో అంటే తనంతట తాను, ట్రోఫ్ అంటే పోషణ, కలిపితే స్వయంపోషకం. హనుమకొండ చౌరస్తాలో మనం ఎక్కే ఆటో కూడా ఆ ఆటోయే, ఎవరూ లాగకుండా తనంతట తాను కదిలే బండి. హెటెరో అంటే వేరే, అందుకే పరపోషకం. యాంఫీ అంటే రెండు వైపులా, బయోస్ అంటే జీవనం, అదే ఉభయచరం.

తెలుగు మీడియంలో చదివి వెనకబడ్డానని అప్పటిదాకా లోలోపల కుమిలిపోయేదాన్ని. ఆ పదాలు కూర్చిన పెద్దలు గ్రీకు మాటను విప్పి, ఆ ముక్కలను చిన్నప్పుడే నా చేతిలో పెట్టారని ఆ రాత్రి తెలిసింది.

మన ఊరి పేరే తీసుకోండి. ఓరుగల్లు అంటే ఒంటి రాయి. సంస్కృతంలో ఏకశిల. గ్రీకులో మోనో అంటే ఒకటి, లిథోస్ అంటే రాయి, కాబట్టి మోనోలిత్ అన్నా అదే అర్థం. ఆ లిథోస్ ఒక్కటి పట్టుకుంటే భూగోళంలో శిలావరణమని చదివిన లిథోస్ఫియర్, మూత్రపిండాల్లో రాళ్లు పగలగొట్టే లిథోట్రిప్సీ రెండూ విడిపోతాయి.

ఇవి అర్థంలో పోలికలు. కొన్ని మాటలు పుట్టుకలోనే చుట్టాలు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని 1786లో విలియం జోన్స్ అనే ఇంగ్లీషు న్యాయమూర్తి, భాషా పండితుడు కలకత్తాలో చెప్పాడు. తెలుగు ఆ ఇంటిది కాదు, ద్రావిడ భాష. కాని సంస్కృతం నుంచి తెచ్చుకున్న తత్సమాలు మన నోట్లో రోజంతా ఆడుతూనే ఉంటాయి. కనుక అచ్చతెలుగు మాట దగ్గర ఆగకుండా, దానికి సాటి వచ్చే తత్సమాన్ని తలచుకోండి. పన్ను దగ్గర డెంటిస్ట్ దొరకడు, దంతం దగ్గర దొరుకుతాడు. కాలు కాదు, పాదం అనుకుంటే పెడల్ వస్తుంది. చావు కాదు, మృతి అనుకుంటే మార్చురీ. నిప్పు కాదు, అగ్ని అనుకుంటే ఇగ్నిషన్. పేరు కాదు, నామం అనుకుంటే నామినేషన్. పాముకు సర్పం, సర్పెంట్. కొత్తకు నవ, ఇన్నోవేషన్.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది అంతర్జాతీయం. ఇంటర్నేషనల్‌లోని ఇంటర్ మన అంతర్‌కు చుట్టం. నేషన్ అన్న మాట లాటిన్‌లో పుట్టుక నుంచి వచ్చింది. మన జాతి కూడా పుట్టుకే, జన్ ధాతువు నుంచి వచ్చింది, ఆ రెండు ధాతువులూ మూలంలో ఒకటే. వార్తాపత్రికలో ప్రతిరోజూ కనబడే ఆ మాటలో రెండు ముక్కలూ ఇలా బంధువులని తెలిసిన రోజు నేను మా అమ్మకు ఫోను చేసి మరీ చెప్పాను.

లేదు, కాదు అని చెప్పే తీరు కూడా చూడండి. సంస్కృతంలో హల్లు ముందు అ, అచ్చు ముందు అన్ వస్తుంది. అధర్మం, కాని అనారోగ్యం. గ్రీకులోనూ సరిగ్గా ఇదే పద్ధతి. క్రిములు లేనిదనే ఎసెప్టిక్‌లో ఉన్నది అ, స్పర్శ తెలియకుండా చేసే ఎనస్థీషియాలో ఉన్నది అన్. పేరు లేని ఉత్తరాన్ని ఎనానిమస్ అంటారు. మన అనామకుడు పక్కన నిలబెట్టి చూడండి.

ధాతువు ముందు చేరే ఉపసర్గల సంగతి మీకు చెప్పనక్కరలేదు. హైస్కూల్లో మా తెలుగు సారు ‘హార’ అని బోర్డు మధ్యలో రాసి, ముందు ఆ పెడితే ఆహారం, వి పెడితే విహారం, సం పెడితే సంహారం, పరి పెడితే పరిహారం అని ఒక్కొక్కటే తుడిచి రాసేవారు. ధాతువు ఒక్కటే, ముందున్న అక్షరం దాన్ని తిండి నుంచి చంపడం దాకా తీసుకుపోతుంది. లాటిన్ చేసేదీ అదే. నేను ఇప్పుడు హనుమకొండలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. నా గదిలో జెక్ట్ అన్న ధాతువు పొద్దుటి నుంచి పని చేస్తూనే ఉంటుంది. జెక్ట్ అంటే విసరడం. లోపలికి వేస్తే ఇంజెక్షన్. రక్తం గడ్డకట్టిన నమూనా వస్తే రిజెక్ట్, వెనక్కి వేయడం. ద్రవాన్ని కొలిచి తీసే పిపెట్ పైన బొటనవేలితో నొక్కితే దాని చివర తగిలించి వాడిన టిప్ కింద డబ్బాలో పడుతుంది, ఆ మీట పేరు ఎజెక్టర్, బయటికి వేసేది. ఈ మూడూ నేను పట్టిక చూసి నేర్చుకోలేదు, చేత్తో నేర్చుకున్నాను. అందుకే పోలేదు.

రెండేళ్ల కింద డెంగీ రోజుల్లో పరకాల వైపు నుంచి ఒక పెద్దాయన కూతురి రిపోర్టు పట్టుకొని కౌంటర్ దగ్గరికి వచ్చారు. చేతులు వణుకుతున్నాయి. అడుగున థ్రాంబోసైటోపీనియా అని ఉంది. ‘బిడ్డా, ఇంత పెద్ద పేరున్న జబ్బు, క్యాన్సరా?’ అని అడిగారు. నేను ఒక చీటీ తీసి పదాన్ని మూడు ముక్కలుగా రాశాను. థ్రాంబో అంటే రక్తపు గడ్డ. సైటో అంటే కణం. పీనియా అంటే లేమి, గ్రీకులో ఆ మాటకు పేదరికమని అర్థం. ‘గడ్డకట్టించే కణాలకు కొరత వచ్చింది, అంతే పెదనాన్నా. ప్లేట్‌లెట్లు తగ్గాయి. చికిత్స సంగతి డాక్టరుగారు చెబుతారు’ అన్నాను. ‘ప్లేట్‌లెట్లేనా!’ అని అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయారు. ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. తెల్లకణాలు తగ్గినప్పుడు రాసే ల్యూకోపీనియా అన్న మాటకు ఆ తరువాత నాకు ఎవరి సహాయమూ అక్కరలేకపోయింది. ల్యూకో అంటే తెలుపు అని తెలిస్తే చాలు. ఎర్రకణాలకు ఎరిథ్రోసైట్లని పేరు. ఆ ఎరిథ్రోకు మన రుధిరం దగ్గరి చుట్టం, రెంటికీ మూలం ఎరుపు.

ఇక జాగ్రత్తలు. ఇది నేను నష్టపోయి నేర్చుకున్న భాగం కాబట్టి కొంచెం నిదానంగా చదవండి. శిక్షణలో ఉండగా స్పిరిట్ సీసా మీద ఇన్‌ఫ్లేమబుల్ అని చూశాను. ఇన్ అంటే కాదు, ఫ్లేమ్ అంటే మంట, మండనిది కాబోలనుకొని వెలుగుతున్న దీపం పక్కనే పెట్టాను. సీనియర్ అక్క పరుగున వచ్చి లాక్కున్నారు. లాటిన్‌లో ఇన్‌లు రెండు. ఒకటి కాదు అనే ఇన్, రెండోది లోనికి అనే ఇన్. ఇక్కడున్నది రెండోది. మంట అంటుకునేది అని అర్థం. ఈ పొరపాటు చాలామంది చేస్తారు కనుకనే ఇప్పుడు ఎన్నో లేబుళ్ల మీద ఫ్లేమబుల్ అని మాత్రమే రాస్తున్నారు. హైదరాబాద్ రోడ్డు మీద వెళ్లే చమురు ట్యాంకర్ల వెనక పాత మాటే కనబడుతుంది, గమనించండి.

అలాగే పీడియాట్రిక్స్‌లోని పీడ్ పాదం కాదు, గ్రీకులో పిల్లవాడు. యాంటీబయాటిక్, యాంటీనేటల్ అని తెలుగులో రాస్తే రెండు యాంటీలూ ఒక్కటే అనిపిస్తాయి. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో మాత్రం చివరి అచ్చు వేరు. మొదటిది వ్యతిరేకం, రెండోది ముందు. గర్భిణులకు చేసేది కాన్పుకు ముందు పరీక్ష. కనుక ధాతువును తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు లిపిలో ఒకసారి రాసుకోండి. అర్థాలు కాలంతో జరిగిపోతాయని కూడా మరవకండి. సెప్టెంబర్‌లో ఉన్నది సప్త, కాని అది తొమ్మిదో నెల. పాత రోమన్ల ఏడాది మార్చితో మొదలయ్యేది కాబట్టి ఒకప్పుడు ఏడోదే.

మాట్లాడే ఇంగ్లీషుకు ఈ దారి పెద్దగా సాయపడదు. గెట్, పుట్, టేక్, బ్రింగ్ వంటి రోజువారీ చిన్న మాటలు గ్రీకు, లాటిన్‌ల నుంచి వచ్చినవి కావు. అవి వినీ మాట్లాడీ రావలసిందే.

మొదలుపెట్టడానికి పట్టిక కొనకండి. మీకు రోజూ తగిలే పదం ఒక్కటి తీసుకోండి, మందు చీటీలోదైనా సరే, బ్యాంకు ఫారంలోదైనా సరే. దాన్ని విరవండి. ముక్కల అర్థం ఊహించి, ఆ తరువాతే మంచి నిఘంటువులో పద వ్యుత్పత్తి చూడండి. ఊహ తప్పితే తప్పిన ఊహను కూడా రాసుకోండి, అది ఇంకా బాగా గుర్తుంటుంది. అదే ముక్కతో మీకు ముందే తెలిసిన మాటలు రెండు, సాటి తెలుగు మాట ఒకటి చేర్చండి. రోజుకు ఒకటి చాలు. ఇలా నింపిన నోట్‌బుక్కులు నా దగ్గర మూడున్నాయి. పరీక్షల్లో సమానార్థకాలు, వ్యతిరేకార్థకాల ప్రశ్నలకు నేను తడుముకోవడం మానేసింది మొదటిది పూర్తయ్యాకే.

మీ పదో తరగతి తెలుగు పుస్తకాలు ఇంట్లో ఉంటే పాత కాగితాల వాళ్లకు వేయవద్దని ఈరోజే చెప్పండి. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు జీవశాస్త్రం, భూగోళం రెండూ వెంట తెచ్చుకోండి. ఇంగ్లీషు మీడియం పుస్తకాలు ఎవరి దగ్గరైనా అడిగి తీసుకొని, ఒకే పాఠాన్ని రెండింటిలోనూ పక్కపక్కన పెట్టి చదవండి. ఏదైనా పదం విడిపోక మొండికేస్తే ఇక్కడే రాయండి, కలిసి విప్పుదాం.