పడమటి గోడ గురించి ముందే చెబుతున్నాను

అమ్మలూ,

నానక్‌రామ్‌గూడలో కట్టబోయే 30 అంతస్తుల ఆఫీసు భవనానికి నువ్వే ముఖ్య ఆర్కిటెక్టువని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఆనందం పట్టలేక ఇరుగుపొరుగు అందరికీ చెప్పాను. తర్వాత నువ్వు పంపిన బొమ్మ చూశాను. నాలుగు వైపులా నేల నుంచి పైదాకా అద్దమే! ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మంచి చిల్లర్లు (ఏసీ కోసం నీళ్లు చల్లబరిచే యంత్రాలు), ఎల్‌ఈడీ దీపాలు, డాబాకు తెల్లరంగు: ఇవి నీకు నేను చెప్పనక్కరలేదు. పైగా అంత ఎత్తు భవనంలో డాబా చల్లదనం దక్కేది పై అంతస్తు వాళ్లకే. ఎండను మోసేది గోడలు.

ఏసీ ప్లాంట్లు చూసుకునే రోజుల్లో ఒక పదంతస్తుల ఆఫీసు నా చేతికి వచ్చింది. చెరువు కనిపిస్తుందని యజమాని పడమటి వైపంతా అద్దం పెట్టించాడు. మే నెలలో మధ్యాహ్నం మూడు దాటితే ఆ వైపు కూర్చునేవాళ్లు అద్దాలకు వార్తాపత్రికలు అంటించుకునేవారు. తర్వాత లోపల తెరలు వేయించారు. వెలుగు ఆగింది, వేడి ఆగలేదు. అద్దం దాటి వచ్చిన ఎండకు తెరే కాగిపోయి గదిని కాచేది. ఆ వేడిలో ఎక్కువ భాగం తిరిగి బయటికి పోలేదు. తెర మూస్తే చీకటి, అందుకని పట్టపగలు దీపాలు. వాటి వేడి కూడా ఏసీ మీదే. అంతస్తుకు ఒకటే థర్మోస్టాట్. పడమటి వాళ్ల కోసం తగ్గిస్తే తూర్పు వైపు వాళ్లు శాలువాలు కప్పుకునేవారు. చివరికి ఇంకా పెద్ద చిల్లరు కొన్నారు. చెరువు కోసం పెట్టిన అద్దానికి ఎండాకాలమంతా తెర తీసినవాళ్లే లేరు.

అందుకే ఎండను అద్దానికి బయటే ఆపు. దక్షిణానికి చజ్జా చాలు. పడమటి ఎండ కిందికి దిగి, చజ్జా కిందుగా సూటిగా లోపలికి కొడుతుంది. అక్కడ నిలువు పలకలు గానీ, చిల్లుల జాలీ గోడ గానీ కావాలి. అంతకన్నా మేలు, లిఫ్టులు, మెట్లు, టాయిలెట్లు ఆ వైపుకు మార్చి గోడ కట్టెయ్యి. ఉత్తరం భద్రమని కూడా అనుకోకు. మన ఊరు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది; జూన్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఉత్తరానికే వాలతాడు. భవనాల్లో కరెంటు పొదుపు కోసం వచ్చిన 2017 ఈసీబీసీ నియమావళి అద్దానికి పెట్టిన హద్దు గోడలో 40 శాతం. అంతదాకా వెళ్లి తీరాలని ఎవరూ అనలేదు.

హైటెక్ సిటీ దగ్గర 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించిన గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది కదా, ఎత్తైన భవనం కాకపోయినా ఒక మండుటెండ మధ్యాహ్నం వెళ్లి దాని జాలీ గోడ పక్కన నిలబడి చూడు.

నన్ను అన్నిటికన్నా భయపెట్టింది వేరే. నీ బొమ్మలో తెరుచుకునే కిటికీ ఒక్కటీ లేదు. మే నెలలో కరెంటు పోయి, జనరేటరు కూడా మొరాయిస్తే ఇరవయ్యో అంతస్తులో మనుషులు ఏ గాలి పీలుస్తారు? ఎత్తులో గాలి విసురు ఎక్కువంటావు. నిజమే. కొద్దిగా మాత్రమే తెరుచుకునేవైనా సరే, ప్రతి అంతస్తులో ఎదురెదురుగా పెట్టు. కోప్పడుతున్నానని అనుకోకు తల్లీ. చెప్పుల పెట్టెలతో మేడలు కట్టి, ప్రతి గదికీ కత్తెరతో కిటికీ కోసిన పిల్లవు నువ్వు.

అద్దం ఆర్డరు ఇచ్చేముందు దాని ఎస్‌హెచ్‌జీసీ అంకె కాగితం మీద రాయించుకో. 0.25 అంటే తన మీద పడిన ఎండ వేడిలో నాలుగో వంతే లోపలికి వదులుతుంది. సంతకం పెట్టే రోజు నాకు ఫోను చెయ్యి, రాత్రి పదకొండైనా సరే.

మీ పెదనాన్న