నాటికను సినిమాకి ఇచ్చే ముందు

ప్రశ్న: గొల్లపూడి మారుతీరావు నాటకాల నుంచి సినిమాకి ఎలా వెళ్లారు? – సీతమ్మధార పాఠకుడు

జవాబు: నేరుగా వెళ్లలేదు. 1939లో విజయనగరంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, ముందు పత్రికలో, తరవాత ఆకాశవాణిలో పనిచేశారు. రేడియోలో పాత్ర ఎవరన్నది గొంతును, మాటను బట్టే తెలియాలి. అంతకన్నా మంచి బడి లేదు. మొదటి సినిమా, 1964లో వచ్చిన 'డాక్టర్ చక్రవర్తి'కి స్క్రీన్‌ప్లే రాశారు. అదీ సొంత నాటకం కాదు, కోడూరి కౌసల్యాదేవి నవల. నటుడిగా 1982లో 'ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య'. తన నాటకం 'కళ్ళు' తెరకెక్కేసరికి 1988 వచ్చింది. మొదటి సినిమాకీ దీనికీ మధ్య ఇరవై నాలుగేళ్లు!

ప్రశ్న: నాటక పరిషత్తుల పోటీల్లో ఆడిన నా గంటసేపు నాటికను సినిమా తీస్తామంటున్నారు. మాటలు ఎక్కువయ్యాయట. ఏవి తీసెయ్యాలి? – గాజువాక పాఠకురాలు

జవాబు: ప్రతి ఎర్ర పెన్సిలూ మాటల మీదే పడనక్కర్లేదు. 'కళ్ళు' గుడ్డి బిచ్చగాళ్ల కథ. వేదిక మీద వాళ్ల చీకటి మాటల్లోంచే ప్రేక్షకుడికి తెలుస్తుంది. కెమెరా వచ్చాక వాళ్లు చూడలేనిది మనకి కనిపిస్తూనే ఉంటుంది. అదే మాట బరువు మారిపోతుంది.

స్క్రిప్టు ముందేసుకుని, సమాచారం మోసే మాటల కింద ఎర్రగీత, ఇద్దరి మధ్య సంబంధాన్ని మార్చే మాటల కింద నీలిగీత గీయండి. "ఏటి మాస్టారూ, రిటైరై నెల కాలేదు, అప్పుడే చిక్కిపోనారు" అన్నది ఎర్ర మాట. వదులైన చొక్కా చూపిస్తే చాలు. "నాన్నకి చెప్పొద్దు" అన్నది నీలం, ఉంచండి. చప్పట్ల కోసం రాసిన డైలాగు ముందు పోవాలి. వేదిక మీద నటుడు చప్పట్లు ఆగేదాకా ఆగుతాడు, తెర మీద అక్కడ గుంట పడుతుంది. ఇక నాటికలో తెర వెనక జరిగి, ఫోనులోనో పక్కింటాయన నోటనో తెలిసేవి ఉంటాయి చూడండి, సినిమా నిడివి అక్కణ్ణించే రావాలి. చాలామంది ఇది వదిలేసి కామెడీ ట్రాకు అతికిస్తారు. లేదా హాల్లో మాట్లాడే సీనుని యథాతథంగా ఆర్కే బీచికి తీసుకుపోతారు. సముద్రం వచ్చింది తప్ప సీను కదలదు.

ప్రశ్న: నా నాటికను సినిమా తీస్తామని పదివేలు అడ్వాన్సు ఇచ్చారు, ఒప్పంద కాగితం లేదు. పరవాలేదా? – మద్దిలపాలెం పాఠకుడు

జవాబు: పరవా ఉంది. కాపీరైటు చట్టం 19వ సెక్షను ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, మీ సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. వేరే ఏమీ రాసుకోకపోతే, ఏడాదిలోగా వాడుకోని హక్కు వెనక్కి వస్తుంది. నిర్మాత కాగితంలో ఈ నియమం వర్తించదనే రాయిస్తాడు, కాబట్టి గడువు మీరే వెయ్యండి. 2012 సవరణ తరవాత, సినిమాలో చేరిన సాహిత్య రచనకి థియేటరు బయటి వాడకం మీద వచ్చే రాయల్టీలో సమాన వాటాను నిర్మాతకి వదులుకున్నట్టు రాసిచ్చినా చెల్లదు. కాపీరైటు రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గానీ, తగువు వస్తే సాక్ష్యం: రుసుము 500 రూపాయలు, అభ్యంతరాలకి 30 రోజులు.

"రంగస్థల హక్కు రచయితదే" అన్న వాక్యం మరవకండి. అది లేక సర్వహక్కులూ ఇచ్చేస్తే, రేపు మీ నాటిక విశాఖ కళాభారతి హాల్లో ఆడాలన్నా నిర్మాత అనుమతి కావాలి.