టెక్ సందేహాలు: లిఫ్ట్ కిట్ వేస్తే బండిలో ఏది లేస్తుంది?

ఫోన్ బ్యాటరీలు, వైఫై రూటర్లు ఈ వారం పక్కన పెడుతున్నాను. వానలు మొదలైనప్పటి నుంచి ఫోర్‌బైఫోర్ బండ్ల ప్రశ్నలే ఎక్కువ వస్తున్నాయి. అందులోనూ సగం ఒకటే సంగతి: బండి ఎత్తు పెంచాలి, ఏ లిఫ్ట్ కిట్ (బండిని పైకి లేపే స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, బిళ్లల్లాంటి సామాను) కొనమంటారు?

ప్రశ్న: మాది ఇల్లెందు దగ్గర పల్లె. థార్ మూడు డోర్లది, డీజిల్, 18 అంగుళాల చక్రాలు. తోటకు వెళ్లే డొంకదారిలో ట్రాక్టర్లు తిరిగి గాళ్లు లోతుగా పడ్డాయి. నడుమ మిగిలిన దిబ్బకు బండి అడుగు రాసుకుంటోంది. రెండుసార్లు అక్కడే కూలబడితే ట్రాక్టర్‌తో లాగించాం. ఒక షాపులో రెండంగుళాల స్పేసర్లు (స్ప్రింగు నెత్తిన పెట్టే బిళ్లలు) చాలన్నారు. ఇంకో షాపులో స్ప్రింగులు, షాకులు అన్నీ మార్చి మూడున్నర అంగుళాలు లేపుదామన్నారు. ఏది మంచిది?

జవాబు: ఇప్పటికి రెండూ వద్దు. ముందు బండిని చదును నేల మీద ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ఫోన్ టార్చ్ పట్టుకుని కిందికి దూరండి (జాకీ మీద లేపిన బండి కిందికి మాత్రం పోకండి). వెనక యాక్సిల్ నడుమ బొజ్జలా ఉబ్బి కనబడేది డిఫరెన్షియల్, ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల డబ్బా. దాని అడుగున రంగు లేచిపోయి ఇనుము మెరుస్తోందా? లేక గీతలు గేర్‌బాక్స్ కింది పలక మీద, పక్కల ఫుట్‌స్టెప్పుల మీద ఉన్నాయా? కిట్ అమ్మేవాళ్లు ముందు అడగాల్సింది ఇది. మీ ఉత్తరం చూస్తే వాళ్లు అడిగినట్టు లేదు.

మీరు చెప్పిన గాళ్లు, దిబ్బ చూస్తే తగిలేది డిఫరెన్షియలే అని నా అనుమానం. అదే నిజమైతే, సస్పెన్షన్ లిఫ్ట్ దాన్ని ఒక్క మిల్లీమీటరు కూడా లేపదు. థార్ వెనక యాక్సిల్ ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా అడ్డంగా పోయే ఒకే దూలం. అది నేలకు ఎంత ఎత్తున ఉంటుందన్నది టైరు చేతిలో ఉంది. స్ప్రింగు కూర్చునేది ఆ దూలం మీద. స్ప్రింగు పొడవైతే ఛాసిస్, బాడీ, సీట్లో కూర్చున్న మీరు పైకి లేస్తారు, డిఫరెన్షియల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మంచం మీద ఇంకో పరుపు వేసినంత మాత్రాన మంచం కింద చీపురు దూరే సందు పెరగదు కదా, ఇదీ అంతే. కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ 226 మిల్లీమీటర్లు. ఇలాంటి యాక్సిల్ ఉన్న బండ్లలో మామూలుగా అన్నిటికంటే కిందికి ఉండేది ఈ బొజ్జే.

ముందు వైపు లెక్క వేరు. అక్కడ చక్రాలు దేనికది విడిగా ఆడతాయి, డిఫరెన్షియల్ ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. కాబట్టి ముందు లిఫ్ట్ చేస్తే అది నిజంగానే లేస్తుంది. కానీ దాని నుంచి చక్రాలకు పోయే షాఫ్టులు ఏటవాలుగా వంగిపోయి, ఆ వంపులోనే తిరగాల్సి వస్తుంది. రెండంగుళాల దాకా ఎలాగో నెట్టుకొస్తాయి. మూడున్నర అంటే జాయింట్లు త్వరగా అరుగుతాయి, వాటి రబ్బరు తొడుగులు చిరుగుతాయి, అలైన్‌మెంట్ కుదరాలంటే చక్రాన్ని ఛాసిస్‌కు పట్టి ఉంచే పై ఆర్మ్‌లు మార్చాలి. వంపు తగ్గించడానికి డిఫరెన్షియల్‌ను కిందికి దించే బ్రాకెట్లు కూడా అమ్ముతారు. డబ్బిచ్చి లేపినదాన్ని మళ్లీ డబ్బిచ్చి దించుకోవడమన్నమాట.

వెనక బొజ్జను లేపేది టైరు ఒక్కటే, అదీ సగం లెక్కన. మీ 255/65 ఆర్18 టైరు ఎత్తు దాదాపు 789 మిల్లీమీటర్లు. 33 అంగుళాల టైరు 838. అంటే టైరు 49 మిల్లీమీటర్లు పెరిగితే డిఫరెన్షియల్ కింద మీకు దక్కేది 24, ఒక అంగుళం కూడా నిండదు. అంత పెద్ద టైరు స్టీరింగ్ తిప్పినప్పుడు లోపల తగలకుండా చోటు చేయడమే లిఫ్ట్ కిట్‌కు ఉన్న పెద్ద ఉపయోగం. ఆ తర్వాత స్పీడోమీటర్ 100 చూపిస్తుంటే బండి నిజంగా 106లో పోతుంటుంది. పికప్ మందగిస్తుంది, బ్రేకులకు పని పెరుగుతుంది, వెనక తలుపుకు వేలాడే స్టెప్నీ బరువెక్కుతుంది.

గీతలు నడుమ పలక మీదే ఉంటే మాత్రం నా మాట మారుతుంది. గట్టు ఎక్కి దిగేటప్పుడు పొట్ట ఆనకుండా ఉండే కోణం థార్‌కు 27 డిగ్రీలు. ముందు వెనక చక్రాల మధ్య దూరం 2450 మిల్లీమీటర్లు కాబట్టి, రెండంగుళాలు లేపితే అది సుమారు 31కి చేరుతుంది. ఆ నాలుగు డిగ్రీల తేడా గట్ల దగ్గర బాగానే తెలుస్తుంది. అప్పుడు రెండంగుళాల లోపు పూర్తి స్ప్రింగు, షాక్ సెట్ తీసుకోండి.

డిఫరెన్షియలే అయితే, గాళ్లలో దిగకుండా ఒక వైపు చక్రాలు నడుమ దిబ్బ మీద, రెండో వైపువి గాడి బయటి అంచు మీద పెట్టి నడపండి. దారి మీ సొంతమైతే ఒక పూట ట్రాక్టర్‌కు బ్లేడు కట్టి దిబ్బ గీయించండి. ఏ కిట్ కన్నా చవక.

ప్రశ్న: కర్నూలు నుంచి. నా థార్ ముందు వైపు స్పేసర్లు వేయించాను. పెద్ద గుంటలో చక్రం దిగినప్పుడల్లా 'టక్' మని ఇనుము కొట్టుకున్న చప్పుడు. షాపతను కొత్తలో అంతే ఉంటుందంటున్నాడు.

జవాబు: కొత్తా కాదు, పాతా కాదు. స్పేసర్ అంటే స్ప్రింగు, షాక్ కలిసిన మొత్తం కట్ట నెత్తిన పెట్టే బిళ్ల. లోపలి షాక్ పొడవు మారదు, కానీ కట్ట మొత్తం కిందికి జరుగుతుంది. చక్రం గుంటలోకి జారినప్పుడు కంపెనీ ఇక్కడితో ఆపాలనుకున్న చోటు దాటి వేలాడుతుంది. అప్పుడు పై ఆర్మ్ స్ప్రింగుకు తగలడమో, బాల్ జాయింట్ దాని చివరి దాకా వంగి కొట్టుకోవడమో జరుగుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. కట్ట కింది కొస చక్రం దగ్గర కాక ఆర్మ్ మధ్యలో ఉంటుంది కాబట్టి, పైన ఒక అంగుళం బిళ్ల పెడితే చక్రం దగ్గర అంతకంటే చాలా ఎక్కువే లేస్తుంది. కాబట్టి బిళ్ల మందం ఎంతో, బండి ఎంత లేచిందో రెండూ విడివిడిగా అడగండి. చప్పుడు ఆగేదాకా ఆ బండితో గతుకుల్లోకి పోకండి.

పూర్తి సెట్‌కు మారేటట్టయితే ఎత్తు కన్నా ముందు బరువు చెప్పండి. ఉక్కు బంపర్, వించ్ (కూలబడిన బండిని తాడుతో లాగే యంత్రం) కలిస్తే ముక్కు మీద వంద కిలోల దరిదాపులకు వస్తుంది. ఓల్డ్ మ్యాన్ ఎము లాంటి ఆస్ట్రేలియా బ్రాండ్లు ఒకే ఎత్తుకు వేరువేరు బరువుల స్ప్రింగులు అమ్మేది అందుకే. ఖాళీ బండికి బరువు స్ప్రింగు వేస్తే నడుము విరుగుతుంది. బరువు బండికి మామూలు స్ప్రింగు వేస్తే మీరు డబ్బు పెట్టి కొన్న రెండంగుళాల్లో ఒకటి మొదటి వారమే కుంగిపోతుంది.

ఎత్తు ఒక్కటే చూస్తే చాలదన్న పాఠం నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. కమాన్ పట్టీల మీద నడిచే పాత జీపు ఒకటి నా దగ్గర ఉండేది. పొడుగు షాకిల్స్ (పట్టీ కొసను ఛాసిస్‌కు కలిపే ఇనుప లింకులు) వేస్తే చాలు, అరగంట పని అన్నాడో మెకానిక్. నిజంగానే అరగంటలో అయిపోయింది. ముందు యాక్సిల్ వంపు మారిపోవడంతో మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడం మానేసింది, నేనే లాక్కోవాల్సి వచ్చేది. వారం తర్వాత ఒక చక్రాన్ని రాయెక్కించి కింద చూస్తే, వేలాడుతున్న రెండో చక్రం దగ్గర బ్రేక్ రబ్బరు గొట్టం వీణ తీగలా బిగుసుకుని ఉంది. ఇంకో అంగుళం దిగి ఉంటే తెగేది. అందుకే ఏ కిట్ కొటేషన్ చూసినా నేను మొదట వెతికేది పొడుగు బ్రేక్ గొట్టాలున్నాయా అని.

ప్రశ్న: గుంటూరు నుంచి. జిమ్నీకి రెండంగుళాల స్ప్రింగులు వేయించాక స్టీరింగ్ చక్రం కొంచెం వంకరగా నిలబడుతోంది. వెనక నుంచి చూస్తే ఒక వైపు టైరు బాడీ బయటికి ఎక్కువగా కనిపిస్తోంది. యాక్సిల్ వంగిందా?

జవాబు: వంగలేదు, పక్కకు జరిగింది. జిమ్నీకి ముందూ వెనకా రెండూ దూలం యాక్సిళ్లే. అవి పక్కలకు ఊగకుండా ఒక కొస ఛాసిస్‌కు, ఇంకో కొస యాక్సిల్‌కు ఉండే అడ్డ కడ్డీ పట్టి ఉంచుతుంది. దాన్ని పాన్‌హార్డ్ రాడ్ అంటారు. బాడీ లేచిన కొద్దీ ఆ కడ్డీ ఏటవాలై యాక్సిల్‌ను పక్కకు లాగుతుంది. పొడవు సరిచేసుకునే వీలున్న రాడ్లు వేయిస్తే మళ్లీ నడుమకు వస్తుంది. హైవే మీద బండి అటూ ఇటూ తేలిపోతున్నట్టుంటే క్యాస్టర్ కోణం (ముందు చక్రాలు తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం, స్టీరింగ్‌ను నిటారుగా నిలబెట్టేది అదే) కూడా తగ్గిందన్నమాట. దానికి వేరే బుష్‌లు ఉంటాయి. ఈ రెండూ కిట్‌లో భాగంగా రావాల్సినవి.

మీ రెండో ప్రశ్న, కంపెనీ టైర్ల బదులు 215/75 ఆర్15 టైర్లు వేసుకోవచ్చా అని. వేసుకోండి. కానీ కంపెనీ 195/80తో పోలిస్తే యాక్సిల్ కింద పెరిగేది అయిదు మిల్లీమీటర్లే. వెడల్పు కోసం, పట్టు కోసం అయితే సరే.

ప్రశ్న: థార్ రాక్స్ ముందు భాగం కొంచెం ఎక్కువ లేపించాను, చూడ్డానికి గంభీరంగా ఉంటుందని. రాత్రి ఎదురొచ్చే ప్రతివాడూ డిప్పర్ కొడుతున్నాడు. ఏడీఏఎస్ (కెమెరాతో దారి చూసి డ్రైవర్‌కు సాయపడే వ్యవస్థ) కూడా అప్పుడప్పుడు తికమకపడుతోంది.

జవాబు: వాళ్ల కోపం న్యాయమైనదే. రాక్స్ చక్రాల మధ్య దూరం 2850 మిల్లీమీటర్లు. ముక్కు వెనక భాగం కన్నా అయిదు సెంటీమీటర్లు ఎక్కువ లేస్తే బండి ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది. ఆ ఒక్క డిగ్రీకే 25 మీటర్ల దూరంలో హెడ్‌లైట్ వెలుగు సుమారు 44 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. అంటే సూటిగా ఎదుటి డ్రైవర్ కళ్లల్లోకి. అద్దం వెనకున్న కెమెరా కూడా అంతే కోణంలో ఆకాశం వైపు చూస్తుంటుంది. ముందు ఎంత లేచిందో, వెనక ఎంత లేచిందో టేపుతో కొలవండి. నేల నుంచి కాదు, చక్రం నడిబొడ్డు నుంచి ఫెండర్ అంచు దాకా. రెండు వైపులా సమానంగా పెరిగేలా సరిచేయించి, హెడ్‌లైట్లు దించి, కెమెరా క్యాలిబ్రేషన్ చేయించండి. అది అయ్యేదాకా లేన్ అసిస్ట్, ఆటో బ్రేకింగ్‌ల మీద భరోసా పెట్టుకోకండి.

ప్రశ్న: ఇవన్నీ చేయిస్తే ఆర్టీఏ వాళ్లు పట్టుకుంటారా?

జవాబు: పట్టుకుంటే తప్పు మీదే అవుతుంది. కంపెనీ చెప్పిన వివరాలకూ ఆర్సీలో ఉన్నదానికీ తేడా వచ్చే మార్పు చేయరాదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది. అనుమతి లేని మార్పుకు సెక్షన్ 182ఏ కింద ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. షాపువాళ్లు "అందరూ వేయిస్తున్నారు సార్" అంటారు. జరిమానా రాసేది మాత్రం మీ పేరు మీద. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ రోజున ఇంకో గొడవ.

ప్రశ్న: అమెరికాలో ఫీనిక్స్ నుంచి. రాంగ్లర్ రూబికాన్‌కు 35 అంగుళాల టైర్లు వేయాలి. ఇక్కడి షాపు నాలుగంగుళాల లిఫ్ట్ అంటోంది.

జవాబు: అదే రూబికాన్‌కు జీప్ కంపెనీ ఎక్స్‌ట్రీమ్ రీకాన్ ప్యాకేజీలో 35 అంగుళాల టైర్లే ఇచ్చింది. లేపింది ఒకటిన్నర అంగుళాలు మాత్రమే. టైరుకు చోటు కోసం ఫెండర్ అంచులు మార్చింది, పికప్ పోకుండా యాక్సిల్ గేర్ నిష్పత్తిని 4.56 చేసింది, స్టెప్నీ బరువుకు వెనక తలుపు కీళ్లనూ గట్టిపరిచింది. మీ షాపు కొటేషన్‌లో ఆ గేర్లు, ఆ కీళ్లు ఉన్నాయేమో చూసి నాకు మళ్లీ రాయండి.