రాక్ వీడియో మీద రాసే ముందు కెమెరా ఎక్కడుందో చూడు

తమ్ముడూ,

నీ వ్యాసం నిదానంగా కూర్చుని చదివా. రేడియోహెడ్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ వాళ్ళ కర్మ పోలీస్ పాట వీడియో మీద గుంటూరులో ఒక కుర్రాడు తెలుగులో ఇన్ని పేజీలు రాశాడంటేనే నాకు చాలా ఆనందంగా ఉంది, ఆ మాట ముందే చెప్పేస్తున్నా ఎందుకంటే ఇక్కడ్నుంచి కొంచెం గట్టిగానే మాట్లాడతా, ఏమనుకోకు. నీకు వాక్యం వచ్చు, ఎక్కడ ఆపాలో కూడా తెలుసు. చూడ్డం మాత్రం ఇంకా నేర్చుకోవాలి.

మొదటి రెండు పేజీలూ పాట లిరిక్స్‌కి అర్థం చెప్పడమే సరిపోయింది. తర్వాత విజువల్స్ నెక్స్ట్ లెవెల్ అన్నావ్, గూస్‌బంప్స్ అన్నావ్, సినిమాటోగ్రఫీ అదిరింది అన్నావ్. అక్కడ్నుంచి ఒక్క గెంతులో కారు అంటే వ్యవస్థ, పరిగెత్తే మనిషి అంటే సామాన్యుడు, మంట అంటే తిరుగుబాటు అని తేల్చేశావ్. ఇవి తప్పని నేను అనట్లేదు. కానీ వీడియో చూడనోడు కూడా, ఎవరో కథ చెప్తే విని ఇదంతా రాసేయగలడు కదా. చూసినోడు మాత్రమే రాయగలిగింది నాకు కావాలి.

సరే, మళ్ళీ ఒకసారి చూద్దాం, ఈసారి కథని పక్కన పెట్టి కెమెరా వెంట పోదాం. 1997లో జొనాథన్ గ్లేజర్ తీసిన వీడియో ఇది. రాత్రి, ఊళ్ళకి దూరంగా ఏదో రోడ్డు, కెమెరా కారు లోపల డ్రైవర్ కూర్చునే చోట ఉంది. అద్దంలోంచి బోనెట్ కనపడుద్ది, దాని ముందు హెడ్‌లైట్ల వెలుతురు పడినంత మేర రోడ్డు, అంతే, ఇంక లోకమే లేదు. కెమెరా మెల్లగా వెనక్కి తిరిగితే వెనక సీట్లో బ్యాండ్ సింగర్ థామ్ యార్క్ కూర్చుని పాడతా ఉంటాడు, అదీ ఓపిక లేనట్టు, కొన్ని మాటలకి పెదాలు కూడా కదపడు. మళ్ళీ ముందుకి తిరిగితే రోడ్డు మీద ఒక మనిషి పరిగెడతా ఉంటాడు, కారు అతని వెనకే పోతా ఉంటది, తొందరేం లేకుండా.

ఇప్పుడు చెప్పు, కారు నడిపేది ఎవరు? డ్రైవర్‌ని మనకి చూపించరు. ఆ సీట్లో ఉన్నది కెమెరా, అందులోంచి చూస్తున్నది మనం, అంటే ఆ మనిషిని తరుముతున్నది మనమే. అతని వైపు నుంచి కారుని చూపించే షాట్ ఒకటి మధ్యలో వేసుంటే మనం హాయిగా అతని పక్షాన చేరిపోయి జాలిపడి ఊపిరి పీల్చుకునేవాళ్ళం. గ్లేజర్ ఆ దారి మూసేశాడు. కట్, అంటే ఒక షాట్ ఆగి ఇంకోటి మొదలయ్యే చోటు, ఎక్కడ పడిందో వెతుక్కోవాల్సినంత నెమ్మదిగా నడిపాడు, మనల్ని ఆ సీట్లోంచి లేవనివ్వలేదు. తర్వాత అతను అలిసిపోయి కూలబడతాడు, కారు ఆగి వెనక్కి పోద్ది, అప్పుడు రోడ్డు మీద కారిన పెట్రోలు చార అతని కంట పడుద్ది, అగ్గిపుల్ల గీస్తాడు, ఆ చార పట్టుకుని మంట మన మీదకి వచ్చేస్తది. కెమెరా గిర్రున వెనక్కి తిరుగుద్ది, చూస్తే సీటు ఖాళీ, యార్క్ లేడు.

మొత్తం వీడియోలో కెమెరా చేసిన పని ముందుకి చూడ్డం, వెనక్కి తిరగడం, దాదాపు అంతే. మొదటిసారి తిరిగినప్పుడు తీరిగ్గా, యజమానిలా తిరిగింది. ఆఖర్లో బెదిరిపోయి తిరిగింది. కదలిక అదే, బలం చేతులు మారింది. పాట కూడా అప్పటికి మొదటి సగంలో ఉన్న పాట కాదు, ట్యూనే మారిపోయింది, చివరికొచ్చేసరికి గిటార్ శబ్దాన్ని మళ్ళీ మళ్ళీ వినిపించే డిలే ఎఫెక్ట్‌లోంచి వచ్చే ఆ రొద తప్ప ఏం మిగల్దు. కథ ఇక్కడుందిరా, ఆ తిరగడంలో. దీన్ని రాసేశాక వ్యవస్థ గురించి ఎంత రాసినా నేను నమ్ముతా, ఎందుకంటే అప్పటికి నువ్వు నన్ను ఆ సీట్లో కూర్చోబెట్టి ఉంటావ్.

నీ వ్యాసంలో ఎక్కడో ఐదో పేజీలో, పేరా మధ్యలో ఒక వాక్యం ఉంది: "కారు రివర్స్ అయ్యేదాకా నేను కారులోనే ఉన్నానని నాకు గుర్తులేదు." ఈ ఒక్క వాక్యం కోసం నేను ఈ ఉత్తరం రాస్తున్నా. పైన నేను ఇంత పొడుగు చెప్పింది నువ్వు ఒక్క ముక్కలో పట్టుకున్నావ్, పట్టుకుని వదిలేసి మళ్ళీ లిరిక్స్‌లోకి వెళ్ళిపోయావ్. దాన్ని మొదటి వాక్యంగా పెట్టు. మొదటి రెండు పేజీలూ తీసెయ్, కష్టంగా ఉంటది, తీసెయ్.

ఎలా చూడాలి అని అడిగావ్ కదా. ముందు సౌండ్ మొత్తం తీసేసి చూడు. పాట లేకపోతే వీడియో ఒక్కసారిగా చాలా పొడుగైపోద్ది, ఎక్కడ బోర్ కొట్టిందో ఎక్కడ కొట్టలేదో నీకే తెలుస్తది, ఆ చోట్లు రాసుకో. తర్వాత కళ్ళు మూసుకుని పాట ఒక్కటే విను, డ్రమ్స్ ఎక్కడ ఎంట్రీ ఇచ్చాయి, కోరస్ ఎక్కడ మొదలైంది, ఎక్కడ వాద్యాలన్నీ ఆగిపోయాయి, టైమ్‌తో సహా రాసుకో. ఆ రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టుకుని అప్పుడు మామూలుగా చూడు. డైరెక్టర్ పాటతో ఎక్కడ కలిసి నడిచాడో, ఎక్కడ కావాలని ఎదురు తిరిగాడో ఆ కాయితాల్లోనే దొరుకుద్ది, నీ వ్యాసం సగం అక్కడే ఉంటది. ఫోన్లో కాకుండా కంప్యూటర్‌లో చూడు, యూట్యూబ్‌లో పాజ్ చేసి కామా, ఫుల్‌స్టాప్ కీలు నొక్కితే ఒక్కో ఫ్రేమ్ వెనక్కీ ముందుకీ కదులుద్ది, కట్ సరిగ్గా బీట్ మీద పడిందా ఒక పిసరు ముందే పడిందా అనేది అలాగే తెలుస్తది.

బీట్ అంటే గుర్తొచ్చింది, వైట్ స్ట్రైప్స్ వాళ్ళ ది హార్డెస్ట్ బటన్ టు బటన్ చూడు, 2003లో మిషెల్ గోండ్రీ తీశాడు. ఒక్కో దెబ్బకీ ఒక్కో కొత్త డ్రమ్ సెట్ పుట్టుకొస్తది, దానికోసం నిజంగానే 32 డ్రమ్ సెట్లు తెప్పించారు. కట్ అంటే ఏంటో పిల్లాడికి నేర్పాలన్నా నేను అదే చూపిస్తా. కథేం ఉండదు అందులో, ఉండక్కర్లేదు కూడా. ప్రతి వీడియోలోనూ బలవంతంగా కథ వెతక్కు.

కదలిక గురించి ఇంకో మాట. ది వర్వ్ వాళ్ళ బిట్టర్ స్వీట్ సింఫనీ, ఇదీ 1997దే, డైరెక్టర్ వాల్టర్ స్టర్న్. లండన్‌లో హాక్స్‌టన్ స్ట్రీట్ అనే వీధిలో సింగర్ రిచర్డ్ యాష్‌క్రాఫ్ట్ పాడతా నడుస్తా ఉంటాడు, ఎదురొచ్చినోళ్ళని భుజంతో గుద్దుకుంటా పోతాడు, కారు అడ్డమొస్తే బోనెట్ ఎక్కి దిగి పోతాడు, పక్కకి జరగడు, ఆగడు. అందరూ రాసేది అతని పొగరు గురించే. నువ్వు కెమెరాని చూడు, అది ఎక్కువసేపు అతని ముందు ఉండి, అతను ఎంత వేగంగా వస్తే అంత వేగంగా వెనక్కి పోతా ఉంటది. అతనికి దారిచ్చేది వీధి మొత్తంలో అదొక్కటే. మనం కూడా అతనికి దారిస్తా వెనక్కి పోతన్నాం, అందుకే అతనంటే కోపం రాదు, దెబ్బ తిన్నోళ్ళ మీద జాలీ రాదు. కెమెరాని ఎదురు ఫుట్‌పాత్ మీద ఒక చోట పాతేసి అదే నడక తీసుంటే అతను ఉట్టి మొరటోడిలా కనపడేవాడు.

నమ్మకపోతే విజయవాడ రా, సాయంత్రం ఏడింటప్పుడు బీసెంట్ రోడ్డుకి పోదాం, తోపుడు బళ్ళు, బట్టల బేరాలు, జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు. నువ్వు నడువు, మీ ఫ్రెండ్‌ని నీకు రెండు గజాల ముందు వెనక్కి నడుస్తా ఫోన్లో తియ్యమను (అతని వెనక ఇంకొకళ్ళు భుజం పట్టుకుని నడిపించాలి, లేకపోతే బళ్ళ మీద పడతాడు, నువ్వు కూడా ఎవర్నీ గుద్దకు, మర్యాదగా నడువు చాలు). తర్వాత అదే నడకని ఏదన్నా మేడ మీద నుంచి తియ్యమను. రెండూ ఇంటికెళ్ళి చూసుకో. మొదటిదాంట్లో ఆ రోడ్డు నీది, రెండోదాంట్లో నువ్వు జనంలో ఒకడివి. ఇది చేతులతో చేసి తెలుసుకున్నాక నీ రాతే మారిపోద్ది.

అలాగని కదిలితేనే కెమెరా వర్క్ అనుకోకు, మనోళ్ళలో ఈ జబ్బు చాలా ఉంది. ఆర్.ఈ.ఎం. వాళ్ళ లూజింగ్ మై రిలీజియన్, 1991, తీసింది తర్సేమ్ సింగ్, జలంధర్‌లో పుట్టినాయన, మనోడే. అందులో చాలా ఫ్రేములు పటం కట్టినట్టు ఉంటాయి, కొన్ని ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో బొమ్మల్లోని చీకటి వెలుగులతో, కొన్ని అచ్చం మన క్యాలెండర్లలో దేవుళ్ళ బొమ్మలు ఉంటాయే, ఆ రంగులతో, ఆ నిలబడే తీరుతో. దాని మీద ఇంగ్లీషులో రాసేవాళ్ళు కారవాజ్జో గురించి బాగా రాయగలరు. ఆ క్యాలెండర్ బొమ్మలు ఎలా ఉంటాయో, వంటింటి గోడ మీద అగరొత్తి పొగకి ఎలా మసిబారతాయో రాయాల్సింది నువ్వు, వాళ్ళకన్నా నీకే ఎక్కువ తెలుసు. ఆ సంవత్సరం ఎంటీవీలో వీడియో ఆఫ్ ది ఇయర్ అదే. మొదలవడమే చూడు, చీకటి గది, సింగర్ మైకేల్ స్టైప్ కదలకుండా కూర్చుని ఉంటాడు, మిగతా బ్యాండ్ వాళ్ళు గదిలో అటూ ఇటూ పరిగెడతారు, కిటికీ మీదున్న కూజా కింద పడి బద్దలవుద్ది, అప్పుడు పాట మొదలవుద్ది. పాటకి ముందు వచ్చే ఆ కొన్ని సెకన్ల గురించి నువ్వు ఒక పేజీ రాయగలగాలి, అది నీకు పరీక్ష అనుకో.

వేగం గురించి ఎక్కువ చెప్పను. కోల్డ్‌ప్లే వాళ్ళ ఎల్లో ఒకటే షాట్, సముద్రం ఒడ్డున వానలో సింగర్ క్రిస్ మార్టిన్ ఒక్కడే నడుస్తా పాడతాడు. సెకనుకి మామూలుకి రెట్టింపు ఫ్రేములతో తీసి స్లో చేశారు, అందుకని అతను అక్కడ పాటని రెట్టింపు వేగంతో పాడాల్సొచ్చింది. పెదాలు పాటతో కలుస్తాయి, జుట్టూ అలలూ మాత్రం నెమ్మదిగా కదులుతాయి, ఆ తేడాలోనే ఏదో కలలో ఉన్నట్టు అనిపిస్తది. "డ్రీమీ ఫీల్" అని రాసి వదిలేసేవాళ్ళకి ఆ ఫీల్ ఎక్కడ్నుంచి వచ్చిందో తెలీదు. నువ్వు తెలుసుకుని రాయి.

డ్రోన్ షాట్ గురించి కూడా అడిగావ్. ఇక్కడ ప్రకాశం బ్యారేజీ మీద డ్రోన్ ఎగరేయని పెళ్ళి వీడియో లేదిప్పుడు, అందుకే పైనుంచి షాట్ అంటే మనకి లెక్కలేకుండా పోయింది. గన్స్ ఎన్ రోజెస్ వాళ్ళ నవంబర్ రెయిన్ 1992లో ఆండీ మొరహాన్ తీశాడు, అప్పటికి డ్రోన్లు లేవు, హెలికాప్టర్ ఎక్కి తీశారు. చర్చి లోపల పెళ్ళి జరుగుతుంటే బ్యాండ్ గిటారిస్ట్ స్లాష్ అందర్నీ వదిలేసి బయటికి నడిచి వచ్చేస్తాడు, బయట ఎడారి లాంటి నేల, చిన్న చర్చి, ఒక్కడే నిలబడి గిటార్ సోలో వాయిస్తాడు, కెమెరా అతని చుట్టూ తిరుగుతా పైకి పోద్ది. లోపల అంత జనం, బయట ఒక్కడు. ఆ పెళ్ళి నిలవదని కథ చెప్పకముందే ఆ షాట్ చెప్పేసింది. షాట్ ఖరీదు గురించి రాసేవాళ్ళు వందమంది ఉంటారు, ఆ షాట్ అక్కడే ఎందుకొచ్చిందో నువ్వు రాయి.

ఇక అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సిన సంగతి. పెర్ల్ జామ్ వాళ్ళ జెరెమీ, 1992, డైరెక్టర్ మార్క్ పెల్లింగ్టన్. స్కూల్లో ఎవరూ పట్టించుకోని ఒక పిల్లాడు, క్లాసులో అందరి ముందూ తన ప్రాణం తానే తీసుకుంటాడు. నిజంగా ఒక పిల్లాడు చనిపోయిన వార్త చదివి రాసిన పాట. టీవీలో వేసేటప్పుడు పిల్లాడి చేతిలో తుపాకీ కనపడే షాట్ తీయించేశారు. దాంతో ఏమైందంటే పిల్లాడి మొహం, ఆ వెంటనే రక్తం మరకలతో బిగుసుకుపోయిన క్లాస్ పిల్లలు, ఇంతే మిగిలింది, చూసినోళ్ళలో చాలామంది ఆ పిల్లాడు మిగతావాళ్ళని కాల్చేశాడని అనుకున్నారు. ఒక్క షాట్ పోతే, చనిపోయిన పిల్లాడు చంపినోడైపోయాడు. 1993లో ఎంటీవీ అవార్డులు నాలుగు వచ్చాయి దానికి, ఆ అపార్థం మాత్రం ఏళ్ళ తరబడి ఉండిపోయింది, కత్తిరించని వెర్షన్‌ని బ్యాండ్ వాళ్ళు 2020లో బయటపెట్టారు. ఎడిటింగ్ గురించి రాసేటప్పుడు "షార్ప్ ఎడిటింగ్", "క్రిస్ప్ ఎడిటింగ్" అని రాయాలనిపించినప్పుడల్లా ఈ పిల్లాణ్ణి గుర్తు తెచ్చుకో. నువ్వు చూసిన వెర్షన్ ఏదో కూడా వ్యాసంలో రాయి, ఎవడో ముక్కలు చేసి అప్‌లోడ్ చేసిన కాపీ చూసి డైరెక్టర్‌ని తిట్టడం అన్యాయం.

ఇంకొకటి, నువ్వు ఒక చోట డైరెక్టర్ పని, కెమెరామ్యాన్ పని, ఎడిటర్ పని అన్నీ గ్లేజర్ ఖాతాలోనే వేసేశావ్. ఎవరు ఏం చేశారో ఖాయంగా తెలిస్తే పేరుతో రాయి, లేకపోతే "కెమెరా ఇక్కడ తిరిగింది" అని రాయి, అందులో అబద్ధం ఉండదు. పైగా అలా రాస్తే కళ్ళు తెర మీదే ఉంటాయి.

దసరా అయ్యాక నేను గుంటూరు వస్తున్నా, అరండల్‌పేటలోనే ఉంటా రెండ్రోజులు. ఈలోపు సౌండ్ తీసేసి చూసిన నోట్స్ పంపు, టైప్ చెయ్యక్కర్లేదు, కాయితాలు ఫోటో తీసి పంపినా చాలు. నేనొచ్చినప్పుడు జెరెమీ రెండు వెర్షన్లూ పక్కపక్కన పెట్టుకుని చూద్దాం, ల్యాప్‌టాప్ నువ్వే తీసుకురా.

ఉంటా మరి,
అన్నయ్య
విజయవాడ